అలిగిన దేవుడు, జరిగిన గోడ

విజయవాడ, పటమట
8-8-1999, ఆదివారం

నాన్నగారికి,

వందనాలు. నేను క్షేమం. హాస్టల్ సాంబారు మాత్రం క్షేమంగా లేదు. అమ్మ పంపిన ఎండురొయ్యల పొడిని రూమ్మేట్లు మూతతో సహా నాకేశారు. మళ్లీ పంపమని చెప్పండి.

ఒక సంగతి రాస్తాను, నవ్వకూడదు. నుస్రత్ గుర్తుంది కదా, మీరు నన్ను హాస్టల్లో దింపిన రోజు మన ట్రంకుపెట్టెకి రెండో పక్క పట్టుకున్న అమ్మాయి. వాళ్లన్నయ్య అఫ్రాజ్ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాడు. ఆయన బెంగుళూరు నుంచి ఒక ఆట తెచ్చాడు. బోర్డు లేదు, పావులు లేవు. జిరాక్సు తీసిన లావుపాటి పుస్తకం, ఇరవై ముఖాల పాచిక, అంతే. ఆదివారం చర్చి అయ్యాక వన్‌టౌన్‌లో వాళ్ల మేడ మీద కూర్చుని ఆడుతున్నాం. ఆడేవాళ్లందరం ఒక కథలో మనుషులమవుతాం. ఒకరు వీరుడు, ఒకరు దొంగ, నుస్రత్ మంత్రగత్తె. కథ నడిపేది అఫ్రాజ్ అన్నయ్య. అడవీ ఆయనే, వానా ఆయనే, ఎదురొచ్చే రాక్షసుడూ ఆయనే. మేం ఏం చేయదలిచామో చెబుతాం, జరిగిందో లేదో పాచిక చెబుతుంది.

పాస్టరుగారి కూతుర్నని నాకు క్లెరిక్ వేషం అంటగట్టారు. క్లెరిక్ అంటే సగం పాస్టరు, సగం సిపాయి. పొద్దున్నే ప్రార్థన చేసుకుంటే దేవుడు శక్తులిస్తాడు. గాయాలు మాన్పడం, చీకట్లో వెలుగు పుట్టించడం, అలాంటివి. అసలు దేవుళ్ల పేర్లు పెడితే వాళ్లమ్మ చీపురు తిరగేస్తుందని అఫ్రాజ్ అన్నయ్య ఒక ఉత్తుత్తి దేవుణ్ణి తయారుచేశాడు. పేరు వెలుగుదొర.

ఇవాళ ఏమైందంటే, దొంగల ముఠాని తరుముతుంటే వాళ్లలో ఒకడు దెబ్బ తగిలి దారిలో పడిపోయాడు. దాహం దాహం అంటున్నాడు. మేం తొందరలో ఉన్నాం, దాటి వెళ్లిపోయాం. తర్వాత మా వీరుడికి కత్తిపోటు తగిలితే నేను చెయ్యి వేసి ప్రార్థించాను. ఏమీ జరగలేదు! "వెలుగుదొర అలిగాడు" అన్నాడు అఫ్రాజ్ అన్నయ్య. పుస్తకంలో దానికి నియమాలున్నాయట. క్లెరిక్ దేవుడికి నచ్చని పని చేస్తే శక్తులు ఒక్కొక్కటే పోతాయట. "మరి ముందే చెప్పొద్దా?" అని పోట్లాడాను. "దేవుడు ముందు చెప్తాడా?" అన్నాడాయన.

నాన్నగారూ, మీరే తీర్పు చెప్పండి. ఇది న్యాయమా?

మీ జెస్సికా


కొత్తలంకపాలెం
19-8-1999

చిట్టితల్లికి,

ప్రభువు నీకు తోడైయుండును గాక. ఉత్తరం అందింది. మీ అమ్మకి చదివి వినిపిస్తే, "మేడ మీద కూర్చుని దేవుణ్ణి ఆడుకోవడమేంటి, పరీక్షలు లేవా?" అంది. పొడి మాత్రం దంచుతోంది.

నేను నవ్వలేదు. నీ తరఫునే తీర్పు చెబుతున్నాను. ఇన్నేళ్ల సేవలో నేను నేర్చుకున్నది ఒక్కటే, దేవుడు ముందుగా మాట్లాడకుండా చెయ్యెత్తడు. మనస్సాక్షి అని ఒకటి పెట్టాడు, అదే ఆయన హెచ్చరిక. దాహమన్నవాణ్ణి దాటిపోయినప్పుడు నీకు లోపల ఏమైనా అనిపించిందా? అనిపించి ఉంటే వెలుగుదొర చెప్పినట్టే లెక్క. అనిపించకపోతే పొరపాటు కథ చెప్పినవాడిది. అఫ్రాజ్‌తో నేనన్నానని చెప్పు. ఇంకో మాట కూడా అడుగు, వెలుగుదొర మనసులో ఏముందో అఫ్రాజ్‌కి ఎవరు చెబుతారు?

ఇక్కడ వరి ఊడ్పులు అయిపోయాయి. మన సంఘపెద్ద పుల్లయ్యగారు కాలవకి దిగువ ఇంకో రెండు రొయ్యల చెరువులు తవ్వించారు. ఊళ్లో సగంమందికి అక్కడే పని.

ఒక దుఃఖవార్త. రావమ్మ కూతురు జీవరత్నం పోయిందమ్మా. నీతో సండేస్కూల్లో కూర్చునేది. ఒంట్లో బాగోలేదు. మన సమాధుల తోటలోనే, వేపచెట్టు పక్కన ఉంచాం. రావమ్మ కోసం ప్రార్థన చెయ్యి.

నీ నాన్న
సంజీవరావు


విజయవాడ
30-8-1999

నాన్నగారూ,

జీవరత్నానికి ఏమైంది? ఏం జ్వరం? వేసవిలో నేను వచ్చినప్పుడు బిందె నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి, నాతో సమానంగా నడిచింది. చెరువు పనిలో చేరానని, రొయ్యలు మేత తింటుంటే నీళ్లు చిటపటలాడతాయని చెప్పింది. క్రిస్మస్ నాటకంలో తను ఎప్పుడూ గొర్రెలకాపరి, నేను ఎప్పుడూ దేవదూత. ఒకసారైనా మార్చుకుందాం అనేది. మీరు రాసిన రెండు ముక్కలే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను. అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లారా లేదా? రాయండి.

మనసు బాగోక ఒక ఆదివారం ఆటకి వెళ్లలేదు. రెండోసారి నుస్రత్ లాక్కెళ్లింది. మీ ప్రశ్న చదివి వినిపించాను. అఫ్రాజ్ అన్నయ్య గడ్డం గోక్కుని, "అంకుల్‌తో జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. తర్వాత చెప్పిన జవాబు ఇది. "ఆటలో నేను చెప్పిందే దేవుడు చెప్పింది. వేరే దారి లేదు. నేను తప్పు చెబితే దేవుడే తప్పు చేసినట్టు."

మీకు నచ్చే సంగతి ఒకటుంది పుస్తకంలో. క్లెరిక్ ప్రార్థనలు మెట్లు మెట్లుగా ఉంటాయట. కింది మెట్టువి దేవుడు ఇవ్వక్కర్లేదు, నేర్చుకున్న చదువు వల్ల, అలవాటు వల్ల వాటంతటవే వస్తాయి. మధ్య మెట్టువి దేవుడి దూతలు తెచ్చిస్తారు. పై మెట్టువి మాత్రం దేవుడు స్వయంగా వినాలి. అలిగినప్పుడు మొదట పైవి పోతాయి, ముదిరితే మధ్యవీ పోతాయి. కిందివి ఉంటూనే ఉంటాయి. అందుకని చూసేవాళ్లకి ఆ క్లెరిక్ మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తాడు. వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

బాగుంది కదా?

మీ జెస్సికా


కొత్తలంకపాలెం
20-9-1999

అమ్మా జెస్సికా,

కృప నీతో ఉండాలని కోరుతూ. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఊరు బాగోలేదు.

చెరువులకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. మొదట పుల్లయ్యగారివి. పొద్దున్నే చూస్తే రొయ్యలు గట్టు వారకి కొట్టుకొచ్చి పడున్నాయట, పెంకు మీద సున్నం చుక్కల్లాంటి మచ్చలు. వారం తిరక్కుండా పక్క చెరువులకీ పాకింది. వాసనకి బళ్లో పిల్లలు ముక్కు మూసుకుని పాఠాలు చెప్పుకుంటున్నారు. పని పోయినవాళ్లంతా సాయంత్రం చర్చి అరుగు మీద కూర్చుంటున్నారు. నేను వస్తే లేచి నిలబడతారు. వాళ్లు కూర్చునే ఉంటే బాగుండుననిపిస్తోంది.

నువ్వు రాసిన మెట్ల సంగతి చాలా రోజులు నా వెంట తిరిగింది. అవును, అలాగే ఉంటుంది. పాటలు వస్తాయి. వాక్యం వస్తుంది, ఎక్కడ గొంతు తగ్గించాలో ఎక్కడ పెంచాలో కూడా వస్తుంది. మోకాళ్లూనితే మాటలు వాటంతటవే బయలుదేరతాయి. ఎదురుగా వినేవారు ఉన్నారో లేదో మాత్రం తెలియదు. ఆ పుస్తకం రాసినవాడెవడో పాస్టరు కొడుకై ఉంటాడు.

అఫ్రాజ్‌ని ఇంకోటి అడిగి రాయి. దేవుడు అలిగాడని క్లెరిక్‌కి తెలిసింది. ఏ పనికి అలిగాడో తెలియలేదు. తాను మంచిదనుకుని చేసిన పని ఒకటుంది, చుట్టూ ఉన్నవాళ్లు అదే తప్పంటున్నారు. వాళ్లు పదిమంది, తాను ఒక్కడు. అప్పుడు ఆ క్లెరిక్ ఏం చెయ్యాలి? పుస్తకంలో దీనికి ఏమైనా ఉందా?

తీరిక చూసుకుని త్వరగా రాయి.

నాన్న


విజయవాడ
2-10-1999

నాన్నగారూ,

మిడ్ ఎగ్జామ్స్ మధ్యలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టొద్దు. జీవరత్నం సంగతి అడిగితే ఈసారీ మర్చిపోయారు. చెరువుల గురించి చదివాను, పాపం. పుల్లయ్యగారు మందు కొట్టించలేదా?

మీరు మా అందరికంటే ఎక్కువగా ఆటలో మునిగిపోయారని నుస్రత్ ఒకటే నవ్వు. "మీ నాన్నగార్ని మేడెక్కించు, మనకి ఒక క్లెరిక్ చాలడు" అంటోంది. మీ ప్రశ్నకి పుస్తకంలో జవాబు ఉంది, ఇదిగో. ప్రాయశ్చిత్తం అని ఒక నియమం. క్లెరిక్ తనకంటే పై మెట్టు మీదున్న క్లెరిక్ దగ్గరికి వెళ్లి, ఆయన చెప్పినట్టు చెయ్యాలి. చేసిన పనిని వీలైనంత వెనక్కి తిప్పాలి. అదీ చాటుగా కాదు, అందరి ముందూ. అప్పుడు శక్తులు తిరిగొస్తాయి. మరి తప్పెవరిదో తెలియకపోతే అన్నాను. "తెలియక్కర్లేదు, పైవాడు చెప్పింది చేస్తే చాలు. అదీ కుదరదంటే క్లెరిక్ వివరాలు రాసుకున్న కాగితం చింపేసి కొత్త వేషం రాసుకోవడమే. దేవుడు లేని క్లెరిక్ దేనికీ పనికిరాడు" అన్నాడు అఫ్రాజ్ అన్నయ్య.

నేను మాత్రం ప్రాయశ్చిత్తం చేసేశానోచ్! ఆ దొంగ పడిపోయిన చోటికి వెనక్కి వెళ్లాం. చచ్చిపోయి ఉన్నాడు. గుంట తవ్వి పూడ్చి, మా వాళ్లందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. పాచిక వేస్తే పందొమ్మిది! వెలుగుదొర తిరిగొచ్చాడు. మేమంతా వేసిన కేకలకి కింద నుంచి నుస్రత్ వాళ్లమ్మ గరిటె పట్టుకుని పైకొచ్చింది.

ఎంత తేలికగా ఉందో నాన్నగారూ. నిజంగానే ఏదో బరువు దిగినట్టుంది.

మీ జెస్సికా


విజయవాడ
22-10-1999

నాన్నగారికి, మీ పాదాలకి నమస్కరిస్తూ.

ఈ మాట ఎప్పుడూ రాయలేదు, ఈసారి రాయాలనిపించింది.

నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడితే మన సుబ్బరత్నం అక్క కనిపించింది. ఊరి నుంచి వచ్చి రెండు వారాలైందట, ఇప్పుడు కొడుకు దగ్గరికి ఇబ్రహీంపట్నం వెళ్తోంది. జీవరత్నం మాట ఎత్తితే, "జ్వరమేంటే తల్లీ, నీకెవరూ చెప్పలేదా?" అని నన్ను సోడాబండి పక్కకి లాక్కెళ్లి అంతా చెప్పింది. క్యారియర్లో నాలుగు రొయ్యలు దొరికాయని పుల్లయ్యగారు జీవరత్నాన్ని చెరువు గట్టు మీద అందరూ చూసేలా నిలబెట్టారట. క్యారియర్ మెడలో వేలాడదీయించారట. ఇంటికెళ్లి పొలానికి కొట్టే మందు తాగిందట.

ఇలా పోయినవాళ్లకి సమాధుల తోటలో చోటు లేదని ఆయనే అడ్డం నిలబడితే, "ఈ పిల్లకి బాప్తిస్మం ఇచ్చిన చేతులు ఇవే, మట్టి వెయ్యడానికి వీటికి మీ అనుమతి అక్కర్లేదు" అని మీరన్నారట. మీరే పార పట్టుకున్నారట. సుబ్బరత్నం అక్క రోడ్డు మీదే ఏడ్చేసింది. "మీ నాయన ఆ రోజు అట్టా నిలబడబట్టి రావమ్మ బతికుందే" అంది.

మీరు నాకు అబద్ధం రాసినందుకు కోపం వచ్చింది. అరగంటలో పోయింది. నేను దిగులుపడతానని దాచి ఉంటారు. హాస్టల్లో అందరికీ చెప్పాను, మా నాన్న ఇలాంటివాడని. నుస్రత్ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేనేమో ఇన్నాళ్లూ మీకు పాచికల కబుర్లు రాస్తూ కూర్చున్నాను.

క్రిస్మస్‌కి వస్తాను. ముందు జీవరత్నం దగ్గరికి వెళ్దాం, మీరూ నేనూ.

మీ కూతురు
జెస్సికా


కొత్తలంకపాలెం
23-10-1999

అమ్మా జెస్సికా,

ఇది చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

జీవరత్నం సంగతి నీకు సరిగా రాయలేదు. మందు తాగి పోయింది. ఎందుకో తర్వాత చెబుతాను. పెద్దలు వద్దన్నా నేను తోటలో సమాధి చేశాను. అప్పుడు నాకు అనుమానం ఏమీ లేదు. తర్వాత చెరువులు పోయాయి. మొదట పుల్లయ్యగారు ఒక్కరే అన్నారు, నేను చేసిన పనికి దేవుడు ఊరి మీద అలిగాడని. తర్వాత పని పోయినవాళ్లూ అన్నారు. కూలి దొరక్క పిల్లలకి గంజి పోస్తున్న ఆడవాళ్లు నా ముఖంలోకి చూస్తూ, "అయ్యగారూ, నిజమేనంటారా?" అని అడిగారు. కాదని చెప్పాను. చెప్పే మాటకి లోపల నుంచి ఊతం రాలేదు. ప్రార్థించాను. నీ పుస్తకంలో రాసినట్టే అయింది. కింది మెట్టు పలికింది, పై మెట్టు పలకలేదు.

ఆటకని నిన్ను అడిగిన ప్రశ్న నా ప్రశ్నే. నీ జవాబు వచ్చిన రోజే మా పాస్టర్లందరికీ పైఅధికారి అయిన డివిజను ఛైర్మన్‌గారి ఉత్తరమూ వచ్చింది. సంఘం ముందు తప్పు ఒప్పుకుని, చేసినదాన్ని సరిదిద్దాలి, లేకపోతే పాస్టరు పని వదిలి గౌను అప్పగించాలి అని. రెండు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండూ ఒకటే చెబుతున్నాయి. నా కూతురు నవ్వుతూ రాసిన మాట, ఛైర్మన్‌గారు కోపంగా రాసిన మాట ఒకటే అయినప్పుడు అది పైనుంచే వచ్చి ఉంటుందనుకున్నాను.

పిల్లని పైకి తియ్యాలని పుల్లయ్యగారు పట్టుబట్టారు. నా ప్రాణం పోయినా ఒప్పుకోనన్నాను. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. "పిల్లని కదపొద్దులెండి. గోడ జరుపుదాం."

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి, నేను చేసింది తప్పని చెప్పాను. తర్వాత అందరం తోటకి వెళ్లాం. వేపచెట్టు దగ్గర గోడ మూల పడగొట్టి, సమాధికి ఈవల నుంచి కొత్త గోడ ఎత్తారు. మొదటి ఇటుక నన్ను పెట్టమన్నారు. పెట్టాను. రావమ్మ సమాధి పక్కనే కూర్చుని ఉంది. తాపీవాళ్లు లెమ్మన్నా లేవలేదు. గోడ ఆమె నడుము ఎత్తు వచ్చాక నన్ను పిలిచి అడిగింది, "అయ్యగారూ, నా పిల్ల ఇప్పుడు ఎటు పక్కనున్నట్టండీ?"

పుల్లయ్యగారే అన్నారు, "అక్కడే ఉందిలే రావమ్మా, ఎవరూ కదపలేదుగా" అని.

పిల్లని కదపలేదన్నది నిజమేనమ్మా. అది ఒక్కటే నేను దక్కించగలిగింది. నువ్వు రాసిన నియమమే నాకు దారి చూపింది. బరువు దిగుతుందన్నావు. నీకు దిగినట్టు నాకూ దిగుతుందని ఎదురుచూస్తున్నాను.

నీ నాన్న


విజయవాడ
3-11-1999

నాన్నగారూ,

మీ ఉత్తరం అందింది. నాది కూడా మీకు అంది ఉంటుంది. రెండూ దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. నాది మీరు చింపెయ్యండి.

అది ఆట. అఫ్రాజ్ అన్నయ్య నాకు పుస్తకం తెరిచి చూపించాడు. ఆ నియమాలు దేవుడి కోసం పెట్టినవి కావు. క్లెరిక్ ఆడేవాడికి శక్తులెక్కువైతే మిగతావాళ్లకి ఆట చప్పగా ఉంటుందని, వాణ్ణి అదుపులో పెట్టడానికి పెట్టినవి. "అంకుల్ ఆట గురించి అడగట్లేదని నీకు తెలియలేదా?" అన్నాడు. తెలియలేదు. మీరు తెలియనివ్వలేదు. "ఆ క్లెరిక్ ఏం చెయ్యాలి" అని అడిగారు. "నేనేం చెయ్యాలమ్మా" అని అడిగి ఉంటే ఆ రోజే బస్సెక్కి వచ్చి మీ పక్కన నిలబడేదాన్ని. ఇద్దరం ఉండేవాళ్లం.

నా ఉత్తరం మీకు దారి చూపించిందని మళ్లీ ఎప్పుడూ రాయకండి. నేను కాగితం మీద దొంగని పూడ్చడానికి వెనక్కి వెళ్లాను. మీరు పూడ్చినదాన్ని వదిలేసి వెనక్కి వచ్చారు. ఇవి రెండూ ఒకటెలా అయ్యాయి?

తెల్లమచ్చ వైరస్ నాన్నగారూ. కోస్తా అంతా ఉంది. అక్కడెవరూ ఎవర్నీ సమాధి చెయ్యలేదు.

జెస్సికా


కొత్తలంకపాలెం
16-11-1999

అమ్మా,

నీ రెండు ఉత్తరాలూ ఉన్నాయి. ఏదీ చింపలేదు.

నువ్వన్నది నిజం. నిన్ను తిన్నగా అడగలేకపోయాను. పాస్టరు కూతురితో పాస్టరు ఆ మాట ఎలా అంటాడు? వేషం వేసుకుంటే అనగలిగాను.

ఇక్కడి సంగతులు రాస్తాను. ఛైర్మన్‌గారు సంతోషించారు. నా విధేయత చూసి జనవరి నుంచి నన్ను ఇబ్రహీంపట్నం వైపు పెద్ద సంఘానికి మారుస్తున్నారు. పక్కా ఇల్లు, టెలిఫోను. ఆదివారం జనం మళ్లీ నిండుగా వస్తున్నారు. పుల్లయ్యగారు ముందు బెంచీలో కూర్చుని ఆమేన్ గట్టిగా అంటున్నారు. మందు చల్లి, సున్నం కొట్టి, చెరువుల్లో కొత్త రొయ్యపిల్లలు తెచ్చి వదిలారు. అవీ చనిపోయాయి. ఈసారి ఎవరి వల్లో ఎవరూ అనలేదు.

మీ అమ్మ చర్చికి రావడం మానేసింది. పొద్దున్నే వంట చేసి, ఆరాధన గంట కొట్టే వేళకి రావమ్మ ఇంటికి వెళ్లిపోతుంది. ఒక రోజు తనే అంది, "మీరు ఆ రోజు పార పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు భయమేసిందండీ, రేపెట్టా బతుకుతామా అని. ఇప్పుడు బతుకుతున్నాంగా, చూడండి." అంతే. తర్వాత అన్నం వడ్డించింది.

నాకు అన్నీ తిరిగి ఇచ్చారు. ప్రభువు బల్ల, బాప్తిస్మం, పెళ్లిళ్లు, అన్నీ. మొన్న ఒక తల్లి జ్వరంతో ఉన్న పిల్లని తెచ్చి, చెయ్యి వేసి ప్రార్థించమంది. వేశాను. పిల్ల నుదురు కాలిపోతోంది. నా చేతికి అది తప్ప ఇంకేమీ తెలియలేదు. ప్రార్థన మాత్రం బాగా చేశానట, ఆ తల్లి ఏడ్చింది.

క్రిస్మస్‌కి రా. నాతో మాట్లాడకపోయినా సరే, మీ అమ్మ కోసం రా. ఈ ఊళ్లో మనకి ఇదే చివరి క్రిస్మస్.

సంజీవరావు


విజయవాడ
20-12-1999

నాన్నగారికి,

నేను శనివారం ఊరికి వచ్చాను. మీకు ఎవరో చెప్పే ఉంటారు. చర్చి దగ్గర దిగకుండా కాలవ వంతెన దగ్గర దిగి, అటునుంచి అటే రావమ్మ ఇంటికి వెళ్లాను. నుస్రత్ నాతో వచ్చింది. అమ్మ అక్కడే ఉంది. మధ్యాహ్నం ముగ్గురికీ అక్కడే అన్నం పెట్టింది. మీకు చెప్పొద్దన్నాను. చెప్పకుండా ఉండటం తనకి కష్టమై ఉంటుంది, తనని ఏమీ అనకండి.

రావమ్మ నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. గోడ గట్టిగానే కట్టారు, సున్నం కూడా వేశారు. ఇవతల, సమాధి ఉన్న పక్క, ఇప్పుడు పుల్లయ్యగారి చెరువుకి దారి. సమాధి అంచు మీదుగా ట్రాక్టరు చక్రం వెళ్లిన గుర్తు ఉంది. రావమ్మ ఆ మట్టిని చేత్తో ఎత్తి మళ్లీ సర్దింది. రోజూ సర్దుతుందట, రోజూ ట్రాక్టరు వెళ్తుందట.

మీ మీద కోపం ఉందా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "ఆయన మీద కోపమేంటమ్మా, పెద్దోళ్లు చెప్తే ఏం చేస్తారు?" అంది. ఆ మాట మీ తరఫున నేను అనుకుంటూ వచ్చిన మాటే. ఆమె నోట వింటే భరించలేకపోయాను.

తిరిగి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. తను పోయినప్పుడు తనని లోపల పెట్టొద్దని, గోడకి ఇవతల జీవరత్నం పక్కనే పెట్టమని అందరికీ చెప్పి ఉంచిందట. "చోటుకేం కొదవ లేదమ్మా. ఇటు పక్కకి వచ్చి వాక్యం చదివేవాళ్లే దొరకరు. నువ్వు చదువుకున్నదానివి, చదువుతావా?" అంది.

నాకు పద్ధతి తెలియదని చెప్పాను. నేను ప్రార్థిస్తే పైన ఎవరైనా వింటున్నారో లేదో కూడా తెలియదని చెప్పాను. "అది నాకెందుకమ్మా, నాకు వినపడేట్టు చదువు చాలు" అంది. పోయాక ఎలా వినపడుతుందని అడగలేదు. ఒప్పుకున్నాను.

క్రిస్మస్‌కి రావడం లేదు. ఇబ్రహీంపట్నం ఇంటికి కూడా ఎప్పుడు వస్తానో తెలియదు. అమ్మని చూడాలనిపిస్తే రావమ్మ ఇంటికి వస్తాను. మీ ఆరోగ్యం చూసుకోండి, చలికి మఫ్లరు కట్టుకోండి. మీరు నాకు నాన్నే, అది ఎవరూ మార్చలేరు.

కానీ ఒక్క మాట. రావమ్మ కోసం నేను చదివే రోజు మీకు కబురు అందుతుంది. మనసు ఆగక రావాలనిపిస్తుంది. గౌను వేసుకుని వచ్చినా, మామూలు మనిషిలా వచ్చినా, గోడకి లోపలే ఉండండి. ఇటు రావద్దు.

జెస్సికా